టూర్‌కీ టూర్‌కీ మధ్య పాట పుడుతుంది

మీ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఒకసారి తెరిచి చూడండి. నా ఫోన్‌లో 63 రికార్డింగులు ఉన్నాయి. పేర్లు కూడా పెట్టలేదు, అన్నీ నంబర్లే. ఒకటి సిగ్నల్ దగ్గర బైక్ ఆపి పాడుకున్న వరస. ఇంకొకటి అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఇష్యూ వచ్చి మేలుకున్నప్పుడు తట్టిన గిటార్ ముక్క. 63లో ఒక్కటీ పాట కాలేదు.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మేం నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. ఎనిమిదేళ్ళు దాటింది. ఇప్పటికీ అవే ఆరు పాటలు, అన్నీ వేరేవాళ్ళవి. "మన పాట ఎప్పుడ్రా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "ఈ రిలీజ్ అయిపోనీ మామా" అని మిగతా ముగ్గురం అంటాం. రిలీజ్ తర్వాత ఇంకో రిలీజ్. ఇప్పుడు మా డ్రమ్మర్‌కి కెనడా వీసా వచ్చేసింది. సెప్టెంబర్‌లో ప్రయాణం.

అప్పుడు నాకో డౌట్ వచ్చింది. నలభై, అరవై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతూ వాయిస్తున్న రాక్ బ్యాండ్లున్నాయి కదా. ఈ రోజు ఒక దేశం, ఎల్లుండి ఇంకో దేశం. వాళ్ళు కొత్త పాటలు ఎప్పుడు కడతారు? ఎప్పుడు రికార్డ్ చేస్తారు?

నేనుండేది బెంగళూరులో. మా ఇల్లు హిందూపురం, అవ్వ వాళ్ళ ఊరు ధర్మవరం. మొన్న శనివారం పొద్దున హిందూపురంలో రైలెక్కి అవ్వ దగ్గరికి బయల్దేరా. చెవుల్లో హెడ్‌ఫోన్స్, చేతిలో ఫోన్. దారి పొడవునా ఇదే వెతుకులాట. దొరికిన జవాబు మాత్రం ఫోన్‌లో సగమే ఉంది. మిగతా సగం ధర్మవరంలో దిగాక తెలిసింది.

హిందూపురం: ముందు గోదాం నింపాలి

మా హిందూపురం మార్కెట్‌కి చింతపండు ఒక సీజన్‌లో వస్తుంది. వచ్చిందంతా ఆ రోజే అమ్ముడుపోదు కదా. గోదాంలో దాచి, అవసరమైనప్పుడు తీస్తారు. సీనియర్ బ్యాండ్లు చేసేదీ ఇదే. టూర్‌లో పాట రాయరు, సరుకు పోగేస్తారు.

ఆ సరుకు పేరు రిఫ్. అంటే గిటార్ మీద మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే చిన్న వరస. నాలుగైదు సెకన్లే ఉంటుంది, పాటకి వెన్నెముక అదే. రోలింగ్ స్టోన్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్‌కి 1965లో ఒక రాత్రి సగం నిద్రలో ఒక రిఫ్ తట్టింది. పక్కనున్న క్యాసెట్ రికార్డర్ ఆన్ చేసి వాయించి, మళ్ళీ పడుకున్నాడు. పొద్దున టేప్ వింటే కాసేపు గిటార్, ఆ తర్వాత అంతా గురకే! ఆ కాసేపే 'శాటిస్‌ఫాక్షన్' అయింది. అదే ఏడాది అమెరికా టూర్‌లో దొరికిన సందుల్లో షికాగోలో ఒకసారి, హాలీవుడ్‌లో ఇంకోసారి కూర్చుని రికార్డ్ చేశారు.

మెటాలికా వాళ్ళది ఇంకాస్త పద్ధతైన పని. షోకి ముందు స్టేజి వెనక ఒక చిన్న గదిలో డ్రమ్స్, గిటార్లు పెట్టుకుంటారు. వేళ్ళు వేడెక్కడానికి అక్కడ కాసేపు వాయిస్తారు. అదంతా రికార్డవుతుంది. టూర్ అయిపోయి ఇంటికొచ్చాక ఆ వందల ముక్కలు వింటూ, పనికొచ్చేవి ఏరుకుంటారు. మన భాషలో చెప్పాలంటే టూరంతా బ్యాక్‌లాగ్ నింపడం, ఇంటికొచ్చాక స్ప్రింట్ ప్లానింగ్!

దీంట్లో ఒక భయంకరమైన కథ కూడా ఉంది. 2014లో ఆ బ్యాండ్ గిటారిస్ట్ కర్క్ హామెట్ ఫోన్ పోయింది. అందులో దాదాపు 250 రిఫ్ ఐడియాలున్నాయి. బ్యాకప్ లేదు. 2016లో 'హార్డ్‌వైర్డ్... టు సెల్ఫ్-డిస్ట్రక్ట్' ఆల్బమ్ వచ్చింది. దాంట్లోని పాటలు కట్టినవాళ్ళ పేర్లలో హామెట్ పేరు లేదు. వాయించాడు, కానీ కట్టిన పాట ఒక్కటీ లేదు. ఇది చదివిన నిమిషంలోనే నా 63 రికార్డింగుల్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేశా. మీరూ ముందు ఆ పని చేసి, తర్వాత కింద పేరా చదవండి.

పెనుకొండ: ఒక గది, ఒక తేదీ

రైలు పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి కొండ, కోట కనిపిస్తాయి. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు హంపి వదిలి వచ్చి రాజధాని పెట్టుకున్నది ఇక్కడే. ఉన్న చోట పని సాగనప్పుడు ఇంకో చోటు చూసుకోవాల్సిందే. బ్యాండ్ల కథ కూడా అంతే. సరుకు ఎంతున్నా, తలుపేసుకుని కూర్చునే గది ఒకటి దొరకాలి.

రోలింగ్ స్టోన్స్ 1971లో ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఒక బంగ్లాలో దిగారు. బయట ఒక ట్రక్కు, ట్రక్కులో స్టూడియో. కింద నేలమాళిగలో ఉక్కపోతలో వాయించారు. మరుసటి ఏడాది 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' వచ్చింది, దాంతో పాటే అమెరికా టూర్. మన దగ్గరికొస్తే, ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ ఏళ్ళ తరబడి కరోల్‌బాగ్‌లోని ఒక పాత బంగ్లాలో రిహార్సల్ చేసేది. 2010లో వాళ్ళ ఆల్బమ్‌కి ఆ ఇంటి చిరునామానే పేరుగా పెట్టారు: '16/330 ఖజూర్ రోడ్'. నెలకో పాట చొప్పున ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోమని ఇచ్చేశారు. పాట ఎవరు కట్టారో మనకు గుర్తుంటుంది. ఆ గది ఎవరికీ గుర్తుండదు. వాళ్ళు మాత్రం మర్చిపోలేదు.

గది దొరికితే సరిపోతుందా? మాకు గది ఉంది, శనాదివారాలూ ఉన్నాయి. లేనిది తేదీ.

స్టోన్స్‌కే ఆ జబ్బు ఉంది. 2005లో 'ఎ బిగ్గర్ బ్యాంగ్' తర్వాత సొంత పాటల ఆల్బమ్ రావడానికి 18 ఏళ్ళు పట్టింది. మధ్యలో టూర్ల మీద టూర్లు. 2015 డిసెంబర్‌లో కొత్త పాటల కోసం స్టూడియోకి వెళ్ళారు. వేడెక్కడానికని ఒక పాత బ్లూస్ పాట ఎత్తుకున్నారు. అది కుదిరింది, ఇంకోటి వాయించారు. మూడు రోజుల్లో ఆల్బమే తయారైంది. 2016లో వచ్చిన 'బ్లూ అండ్ లోన్‌సమ్' అదే. దాంట్లో ఒక్క సొంత పాటా లేదు! మా ఆరు కవర్ పాటల గురించి నాకు అప్పటిదాకా ఉన్న సిగ్గు ఇది చదివాక కొంచెం తగ్గింది.

2021 ఆగస్టులో వాళ్ళ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పోయాడు. ఆ బ్యాండ్‌లో ఆయనది 58 ఏళ్ళ కొలువు. ఆ తర్వాత మిక్ జాగర్ ఒక పని చేశాడు. ఫలానా వాలెంటైన్స్ డేకి అయిపోవాలని గడువు పెట్టాడు. అంతకాలం 'చూద్దాంలే'లో నానిన పాటలు అప్పుడు కదిలాయి. 2023 అక్టోబర్ 20న 'హ్యాక్‌నీ డైమండ్స్' విడుదలైంది. దాంట్లో రెండు పాటల్లో డ్రమ్స్ చార్లీవే, 2019లో వాయించి పెట్టినవి. ఆ రెండు ముక్కలు ముందే రికార్డ్ చేసి ఉండకపోతే ఆ ఆల్బమ్‌లో ఆయన చెయ్యి పడేదే కాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమనేది ఇందుకే.

తేదీని టూరే పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1993లో యూటూ బ్యాండ్‌కి రెండు టూర్ల మధ్య కొన్ని నెలల సందు దొరికింది. చిన్న రికార్డ్ ఒకటి చేద్దామని డబ్లిన్‌లో కూర్చున్నారు. అది పెరిగి పెద్ద ఆల్బమ్ అయింది, పని తెమల్లేదు. మే నెలలో యూరప్ టూర్ మొదలైపోయింది. ఏం చేశారు? సాయంత్రం ఏదో ఊళ్ళో షో, రాత్రికి విమానంలో డబ్లిన్, స్టూడియోలో రికార్డింగ్, మళ్ళీ విమానం. 'జూరోపా' అలా పుట్టింది. నైట్ షిఫ్ట్ మనకొక్కళ్ళకే అనుకుంటాం!

ఐరన్ మెయిడెన్ అయితే ఇదంతా హడావుడి లేకుండా చేసింది. 2018లో ఒక టూర్ మొదలుపెట్టి, 2019 మొదట్లో దొరికిన విరామంలో పారిస్ స్టూడియోలో దిగి, ఎనభై నిమిషాల డబుల్ ఆల్బమ్ రికార్డ్ చేసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ టూర్‌కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో 'సెంజుట్సు' బయటికి వచ్చేదాకా పాటలు లోపలే ఉన్నాయి.

కట్టిన పాటని ముందు జనం మీద ప్రయోగించి, తర్వాత రికార్డ్ చేయడం ఇంకో పద్ధతి. పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పాటల్ని 1972 జనవరి నుంచే స్టేజి మీద వాయించింది. టూర్ల మధ్య అబ్బీ రోడ్ స్టూడియోకి వచ్చి కొంచెం కొంచెంగా రికార్డ్ చేసుకుంది. ఆల్బమ్ వచ్చింది 1973 మార్చిలో. జనం ఎక్కడ ఊగారో, ఎక్కడ లేచి టీకి వెళ్ళారో చూసి మార్చుకోవచ్చు. ఇప్పుడు కష్టం. ముందు వరసలో వంద ఫోన్లు లేస్తాయి, షో అయ్యేలోపే మన కచ్చా పాట యూట్యూబ్‌లో ఉంటుంది.

మరి మనలాంటి ఉద్యోగస్తులు? బెంగళూరులోనే అగం అనే బ్యాండ్ ఉంది. 2003లో మొదలైంది. అందులో చాలామంది టెక్ ఉద్యోగాలు చేస్తూనే వాయించారు. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ పెద్ద టెక్ కంపెనీల్లో డిజైన్ పని చేసినవాడు. రాక్ గిటార్ల మధ్య త్యాగరాజ కీర్తనలు పాడతారు. తెలుగు రాని జనం కూడా మన తెలుగు మాటలకి చేతులెత్తి ఊగుతుంటారు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 2012లో, రెండోది 2017లో. మధ్యలో ఐదేళ్ళు. బ్యాండ్ పెట్టిన తొమ్మిదేళ్ళకి మొదటి ఆల్బమ్ అంటే, మేం మరీ అంత లేటేం కాదు!

ధర్మవరం: మన దగ్గరి టూరింగ్ బ్యాండ్

మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాక అవ్వ అడిగింది, పొద్దుట్నుంచీ చెవుల్లో ఏం వింటాండావని. చెప్పా. ఊరూరూ తిరిగి పాడేవాళ్ళు, మధ్యలో కొన్నాళ్ళు ఇంటికొచ్చి కొత్తవి తయారు చేసుకుంటారని.

"అంతేనా? మా బొమ్మలాటోళ్ళు గూడ అంతే కదప్పా" అనింది.

"ఎట్లవ్వా?"

"ఎండాకాలం ఊళ్ళ మీద తిరుగుతాండ్రి. వానలు పడితే ఇంటికి పోతాండ్రి. మళ్ళా వచ్చేతలికి బొమ్మలకి రంగులు కొత్తగా ఉంటాండె, బంగారక్క మాటలు గూడ కొత్తగా ఉంటాండె."

నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశా.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. ఇళ్ళలో ఆరె మరాఠీ మాట్లాడతారు, తెర మీద మాత్రం తెలుగే. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి 2008లోనే జీఐ గుర్తింపు ఉంది. వార్తల్లో చూసే ఉంటారు. కానీ వాళ్ళని ఒక టూరింగ్ బ్యాండ్‌గా నేనెప్పుడూ ఊహించలేదు.

ఒకసారి లెక్క చూడండి. కుటుంబమే బ్యాండ్. తెర వెనక హార్మోనియం, మద్దెల, తాళాలు, గజ్జెలు. యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కలు ధనధన మోగుతాయి. బొమ్మని ఆడించే మనిషే పాడతాడు, మాట్లాడతాడు, పక్కనున్నవాళ్ళు వంత పాడతారు. లైట్ షో సంగతి చెప్పక్కర్లేదు. అప్పట్లో ఆముదం దీపాలు, తర్వాత బల్బులు. రాత్రంతా ఆట. సెట్ లిస్ట్ రామాయణం, భారతం. రంగనాథ రామాయణం ద్విపదలు నోటికే వచ్చుండాలి. వానలు మొహం చాటేస్తే ఊరివాళ్ళు ప్రత్యేకంగా అడిగి విరాటపర్వం ఆడించేవారు, అది ఆడితే వాన పడుతుందని నమ్మకం. మన అనంతపురం వైపు దీనికి ఎంత డిమాండ్ ఉండుంటుందో మీరే ఊహించుకోండి.

మరి కొత్త పాట? కథ మారదు, రాముడు రాముడే. కొత్తది వచ్చేది బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెర మీదికి దూకినప్పుడు. ఆ ఏటి కరువు, ఆ ఊరి తగాదా, అప్పటి ధరలు అన్నీ వాళ్ళ నోట్లోంచి జోకులుగా వచ్చేవి. జనం ఎక్కడ నవ్వారో గుర్తుపెట్టుకుని, పక్క ఊళ్ళో దాన్ని ఇంకొంచెం సాగదీస్తారు. పింక్ ఫ్లాయిడ్ 1972లో చేసిన పనే ఇది. ఫోన్లు లేవు కాబట్టి ఏ జోకూ లీకయ్యేది కాదు.

ఇంటి దగ్గరున్న నెలల్లో బొమ్మల పని. మేక తోలు నానబెట్టాలి, వెంట్రుకలు గీకాలి, లాగి కట్టి ఆరబెట్టాలి. వెలుగు అవతలికి కనిపించేంత పల్చగా అయ్యాక గీతలు గీసి, నగలున్న చోట చిన్న చిన్న ఉలులతో చిల్లులు పొడవాలి. తెర మీద హారం మెరిసేది ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతోనే. రెండు వైపులా రంగులు వెయ్యాలి. చేతులు, మోచేతులు విడిగా చేసి ముడులతో కలపాలి, లేకపోతే బొమ్మ కదలదు. మనిషెత్తు బొమ్మకి ఒక తోలు చాలదు. ఇది కూడా రికార్డింగ్ లాంటిదే. ఒకసారి చిల్లు పడిందంటే అన్‌డూ లేదు.

కూర్చుని తింటే...

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. టూర్‌కీ టూర్‌కీ మధ్య కాలానికి జీతం లేదు. టికెట్ లేదు, చప్పట్లు లేవు. బయట నుంచి చూస్తే ఖాళీగా కూర్చున్నట్టే. కొత్తది పుట్టేది మాత్రం అప్పుడే. కాబట్టి అసలు ప్రశ్న పాట ఎలా కడతారని కాదు, ఆ కూర్చున్న నెలల్ని ఎవరు పోషిస్తారని.

ఒకప్పుడు రాక్ బ్యాండ్లకి ఆ డబ్బు రికార్డుల అమ్మకాల నుంచి వచ్చేది. టూర్ అనేది ఆల్బమ్‌కి ప్రచారం. ఇప్పుడు పాట ఫోన్‌లో దాదాపు ఉచితం, అందుకే లెక్క తిరగబడింది. డబ్బు టూర్‌లో ఉంది. ఆల్బమే టూర్‌కి పోస్టర్ అయింది. పైగా జనం టికెట్ కొనేది పాత హిట్ల కోసం. కొత్త పాట ఎత్తుకుంటే హాట్‌డాగ్ కోసం లేచిపోతారు. అలాంటప్పుడు కొత్తది కట్టమని సీనియర్ బ్యాండ్‌ని ఎవరూ అడగరు. అయినా స్టోన్స్, మెయిడెన్ కడుతున్నారంటే, అది కేవలం వాళ్ళ కోసమే.

నిమ్మలకుంటలో లెక్క ఇంకో వైపుకి తిరగబడింది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా ఆట చూసే ఊళ్ళు తగ్గిపోయాయి. టూర్లు అరుదయ్యాయి. వాళ్ళని నిలబెట్టింది మధ్య నెలల్లో నేర్చిన ఆ తోలు పనే. అదే ఉలి, అదే రంగు, ఇప్పుడు ల్యాంప్ షేడ్లు, గోడ బొమ్మలు. ఎగ్జిబిషన్లలో, ఆన్‌లైన్‌లో మీరు కూడా చూసే ఉంటారు. టూర్‌కి ముందు చేసుకునే పని, టూర్ పోయినా ఇంట్లో పొయ్యి వెలిగిస్తోంది. ఇది మామూలు విషయం కాదు.

కానీ ల్యాంప్ షేడ్ పాడదు. బొమ్మ గీసే చెయ్యి పిల్లలకి వస్తోంది, దానికి కొనేవాళ్ళున్నారు. రాత్రంతా ద్విపద లాగే గొంతు, అప్పటికప్పుడు బంగారక్క జోకు కట్టే నాలుక ఆట ఆడితేనే వస్తాయి. అక్కడ రాక్ బ్యాండ్లకి గొంతుకి పని ఉంది, కొత్త పాట తయారీకి టైమ్ లేదు. ఇక్కడ చేతికి పని ఉంది, గొంతుకి పిలుపు లేదు. పాట బతకాలంటే రెండూ కావాలి. తిరగడమూ కావాలి, తిరిగొచ్చి కూర్చోవడమూ కావాలి.

అందుకే ఒక చిన్న మాట. మీ ఊరి జాతరకో, కాలేజీ ఫెస్ట్‌కో, అపార్ట్‌మెంట్ ఉగాదికో డీజే బదులు ఒక తోలుబొమ్మలాట పెట్టించి చూడండి. ల్యాంప్ షేడ్ కొంటే చేతికి కూలి దొరుకుతుంది. ఆటకి పిలిస్తే గొంతుకి పని దొరుకుతుంది.

మా సంగతి చెప్పి ముగిస్తా. ఆ రాత్రి ధర్మవరం నుంచే గ్రూప్‌లో మెసేజ్ పెట్టా: "ఆగస్టు చివరి ఆదివారం స్టూడియో బుక్ చేస్తున్నా. పాట సగమే అయినా రికార్డ్ చేస్తున్నాం." డ్రమ్మర్ వెంటనే లేచాడు: "ముందు డ్రమ్స్ లాగించేద్దాం మామా. మిగతాది మీరు తర్వాత చూసుకోండి." ఆ మాటకి చార్లీ వాట్స్ గుర్తొచ్చాడు గానీ వాడికి చెప్పలేదు. 63 రికార్డింగులూ మళ్ళీ విన్నాం. 41వది అందరికీ నచ్చింది, సిగ్నల్ దగ్గర పాడుకున్న ముక్క. వెనక హారన్లు కూడా వినిపిస్తాయి.

ఇప్పుడు ఫోన్‌లో 64 ఉన్నాయి. ఆఖరిది నాది కాదు. ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని, చిన్నప్పుడు విన్న బంగారక్క వరస అవ్వ గుర్తు చేసుకుని పాడింది. మధ్యలో మర్చిపోయి నవ్వింది. దానికి మాత్రం పేరు పెట్టా, బ్యాకప్ కూడా చేశా.